మళ్ళీ మింట్ దగ్గరే ఆగిపోయాం

మాధవి: హాయ్ అందరికీ, ఇవాళ ఫ్లేవర్డ్ టొబాకో, అంటే రుచులు కలిపిన పొగాకు. కుర్ర వయసు పిల్లలకి అలవాటు ఎందుకంత తొందరగా పట్టేస్తుందో చూద్దాం. వేప్ అంటే ఈ-సిగరెట్, హుక్కా, సిగార్లు, అన్నీ వరసగా...

వాసు: ముందు మింట్.

మాధవి: వాసన్నా! మళ్ళీ మింటేనా, వేసేశావా చలవ పందిరి!

వాసు: వేస్తా మరి. మొదటిసారి పొగ పీలిస్తే ఎవరికైనా గొంతు మండుతుంది, దగ్గొస్తుంది, వద్దురా బాబూ అని ఒళ్ళే చెప్తుంది. మింట్‌లో చల్లదనాన్నిచ్చే మెంథాల్ ఏం చేస్తుందంటే, చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే రిసెప్టర్‌ని కదిలిస్తుంది, పొగ వేడిగానే ఉంటుంది కానీ గొంతుకి చల్లగా అనిపిస్తుంది, ఇంక ఆ దగ్గు మనిషిని ఆపాల్సిన చోట ఆపదు.

మాధవి: అమెరికాలో 2009లోనే ఫ్లేవర్ సిగరెట్లు బ్యాన్ చేశారుగా?

వాసు: మెంథాల్ తప్ప! అదే నా బాధ. పళ్ళు, చాక్లెట్, లవంగం అన్నీ తీసేసి, ఎక్కువమంది తాగేదాన్ని వదిలేశారు. తీసేస్తే జనానికి మంచిదని 2011లో ఎఫ్‌డీఏ, అంటే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ, దాని సలహా కమిటీయే చెప్పింది. యూరప్ వాళ్ళు 2020 మేలో తీసేశారు కదా, చెయ్యగలిగిన పనేగా!

మాధవి: సరే, కానీ అలవాటు చేసేది నికోటినే కదా అన్నా, రుచి కాదుగా.

వాసు: నికోటినే. కానీ రెండోసారి, పదోసారి పీలిస్తేనేగా దానికి పని. అందాకా లాక్కెళ్ళేది రుచి. తర్వాత మెదడు ఆ వాసననీ నికోటిన్‌నీ కలిపి ముడేసుకుంటుంది, వాసన తగిలితే చాలు ప్రాణం లాగేస్తుంది. పాతికేళ్ళ దాకా మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో పడ్డ ముడి గట్టిగా బిగుస్తుంది.

మాధవి: ...మా తమ్ముడిది అదే. స్ట్రాబెర్రీ వేప్. సిగరెట్ కాదక్కా అన్నాడు, నేనూ నమ్మాను. మానేసి నాలుగు నెలలైంది, ఇప్పటికీ స్ట్రాబెర్రీ వాసనొస్తే లేచి బయటికెళ్ళిపోతాడు.

వాసు: నాలుగు నెలలా? చాలా కష్టమమ్మా అది. నాకు చెప్పనేలేదే.

మాధవి: వాడు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు చెప్పమన్నాడు.

వాసు: ఆ వేప్‌లో నికోటిన్ సాల్ట్ ఉండుంటుంది. యాసిడ్ కలిపి ఘాటు తగ్గిస్తారు, దాంతో ఎంత లోపలికెళ్తోందో గొంతుకి తెలీదు.

మాధవి: హుక్కా గురించి ఒక్క మాట, నీళ్ళలోంచి వస్తే పొగ శుభ్రమైపోతుందనేది అబద్ధం, నమ్మకండి. సిగార్లు ఇంకోసారి.

వాసు: ఆగాగు, మింట్‌ది ఒకటి మిగిలింది, అది ఒంట్లో నికోటిన్ కరగడాన్ని కూడా నెమ్మది చేస్తుందని...

మాధవి: అన్నా, వాడే ఫోన్ చేస్తున్నాడు, ఎత్తాలి. రికార్డింగ్ ఆపేస్తున్నా.