కొండకు కరెంటు బస్సు, కొర్లగుంటకు షేర్ ఆటో

అందరికీ నమస్తే. అలిపిరి దగ్గర నిలబడి మాట్లాడతాండా. నా వెనక కొండెక్కుతా ఉండే బస్సు చూసినారా? చప్పుడు లేదు, పొగ లేదు. 2022 సెప్టెంబర్‌లో, బ్రహ్మోత్సవాలప్పుడు మొదలుపెట్టిన కరెంటు బస్సులు ఇవి.

ఘాట్ రోడ్డుకు ఇంతకన్నా తగిన బండి లేదనే చెప్తా. దిగేటప్పుడు డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, మోటారే జనరేటరై బ్యాటరీకి కాస్త చార్జి ఎక్కిస్తుంది. డీజిల్ బస్సైతే అదే మలుపుల్లో బ్రేకులు అరగదీసుకుంటా దిగాల.

సరే, ఇప్పుడు లెక్క చూద్దాం. కరెంటు బండ్లకని కేంద్రం ఇచ్చిన ఫేమ్-2 సబ్సిడీతో తిరుపతికి వచ్చినవి 100 బస్సులు. అప్పుడు పంచిన తీరు ఇదీ: తిరుమల ఘాట్‌కు 50. రేణిగుంట విమానాశ్రయం నుంచి తిరుమలకు 14. నెల్లూరు, కడప, మదనపల్లెకు తలా 12. కూడుకోండి, వంద అయిపోయినాయి. ఊరి లోపల తిరిగేదానికి ఎన్ని మిగిలినాయి? సున్నా!

విమానం దిగినాయనకు ఏసీ బస్సు ఎదురొస్తుంది. తెల్లారి రుయా ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కాల్సిన ఆయమ్మ మాత్రం ఊళ్లోనే ఉండే కొర్లగుంట సందు చివర షేర్ ఆటో కోసం చూస్తా ఉంటుంది. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఆరుగురు. మీరూ ఎక్కింటారు, తెలుసు కదా!

స్త్రీశక్తి ఉంది కదన్నా అంటారు. ఉంది, 2025 ఆగస్టు 15 నుంచి. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు. మంచి పథకం, నేను ఎగతాళి చేయను. కానీ రాని బస్సులో ఫ్రీ టికెట్ ఏం చేసుకోవాల? ఆ జీరో టికెట్ చేతికి రావాలన్నా ముందు బస్సు రావాల కదా.

ఇంకోటి. 600 కోట్లకు పైగా పెట్టి ఊళ్లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కట్టినారు. కొండకు పోయే కార్లు పైన సర్రుమని పోతాయి. కింద పిల్లర్ల పక్కన ఎండలో నిలబడేది మనోళ్లే.

ఆర్టీసీనే తిట్టి లాభం లేదు. ఈ కరెంటు బస్సులకు కిలోమీటరుకు ఇంత అని, వాటిని నడిపే ప్రైవేటు ఆపరేటర్‌కు ఆర్టీసీ కట్టాల, సీట్లు నిండినా నిండకున్నా. కొండకు ఎప్పుడూ జనమే. ఊళ్లో జీవకోన లాంటి రూటుకైతే మధ్యాహ్నం నలుగురెక్కుతారు. ఆ నష్టం ఎవరు మోయాలనేదే అసలు పంచాయితీ. నన్నడిగితే కార్పొరేషన్, ప్రభుత్వం చెరి సగం మోయాల.

రేపు పొద్దున అయిదున్నరకు కొర్లగుంటలో కెమెరా పెడతా. బస్సొస్తే చూపిస్తా. రాకుంటే ఆయమ్మతో పాటే ఆటో ఎక్కుతా, చార్జీ నాదే.