విషపు చెట్టు, పలాస జీడిపిక్క

శ్రీకాకుళం కోర్టులో కొత్తగా నల్లకోటు వేసుకున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నమస్కారం.

మొన్న ఒక జూనియర్ "ఇది విషవృక్ష ఫలమండీ, చెల్లదు" అని, అంటే పోలీసుల అక్రమం వల్ల దొరికిన సాక్ష్యం పనికిరాదని వాదిస్తుంటే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. నేనూ అదే మాట అన్నాను, గొంతు పెంచి మరీ. జడ్జిగారు కళ్లజోడు తీసి "ఏ సెక్షను బాబూ?" అన్నారు. నా దగ్గర సెక్షను లేదు. ఉండదు కూడా, మన సాక్ష్య చట్టంలో అలాంటి సెక్షనే లేదు.

ఆ మాట అమెరికాది. 1920 నాటి సిల్వర్‌థోర్న్ కేసులో ప్రభుత్వ మనుషులు అడ్డగోలుగా ఒక కలప కంపెనీ కాగితాలు ఎత్తుకుపోయారు. కోర్టు తిరిగిచ్చేయమంటే ఇచ్చారు, ఫొటోలు తీసుకున్నాక! ఆ తర్వాత అవే కాగితాలు తెమ్మని తాఖీదు పంపారు. అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. 1939లో నార్డోన్ కేసులో, దొంగచాటుగా విన్న ఫోన్ల గురించి రాస్తూ జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ దీన్నే విషపు చెట్టు పండు అన్నారు. పోలీసుల అక్రమం చెట్టు. దాని ఆచూకీ పట్టుకుని తర్వాత దొరికింది పండు. మనవాళ్లు మొదట పట్టుకున్నదాన్నే పండు అనేస్తుంటారు, అది పొరపాటు.

మనది జీడిపిక్క పద్ధతి. పలాసలో పిక్కలు కొట్టే అమ్మల వేళ్లు చూశారా? తొక్కలోని నూనె తగిలి నల్లబడిపోయి ఉంటాయి. అలాగని పప్పు పారబోస్తామా? 1973 డిసెంబరులో పూరణ్‌మల్ కేసులో మన సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పిందీ దాదాపు ఇదే. సోదా అక్రమమే కావచ్చు, దొరికింది కేసుకు సంబంధించినదైతే, ఏ చట్టమూ వద్దనకపోతే, సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఆ అమ్మల చేతుల సంగతి, అంటే అక్రమ సోదాకి గురైనవాళ్ల బాధ మాత్రం తీర్పు పట్టించుకోలేదని నాకు ఇప్పటికీ లోపల ఒక ముల్లు.

మన పాత సాక్ష్య చట్టంలోని 27వ సెక్షనైతే పండును పిలిచి మరీ తెచ్చుకుంటుంది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షను మినహాయింపుగా ఉంది. పోలీసుల దగ్గర చేసిన నేర ఒప్పుకోలు చెల్లదు, దాని వల్ల వస్తువు బయటపడితే అంతమేరకు చెల్లుతుంది. ఎంతమేరకు? గుంటూరు వైపు నుంచి లండన్ ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసుల చివరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు చదవండి. "ఇంటి కప్పులో దాచిన కత్తి తెచ్చిస్తాను" అన్నది ఉంటుంది. "దాంతోనే పొడిచాను" అన్నది పోతుంది. స్టేట్‌మెంటు చేతికి రాగానే పెన్సిలుతో అక్కడ గీత గీసుకోండి.

ఇక ఇచ్ఛాపురం దగ్గర పట్టుబడే గంజాయి కేసులు. అమెరికా మాటకి కాస్త దగ్గరగా వచ్చేది ఇక్కడే. ఒంటిమీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయించుకునే హక్కు ఉందని మనిషికి చెప్పాలి. అది మత్తుమందుల చట్టం (NDPS) 50వ సెక్షను. చెప్పకపోతే ఆ సోదాలో దొరికిన సరుకుతో అతని స్వాధీనాన్ని రుజువు చేయలేరని 1999లో బల్దేవ్ సింగ్ తీర్పు. సంచీ మాత్రం ఒళ్లు కాదని, దాని సోదాకి ఈ సెక్షను వర్తించదని 2005లో పవన్ కుమార్ తీర్పు. అందుకే మధ్యవర్తుల నివేదిక (పంచనామా) తెరవగానే నేను మొదట వెతికేది ఒక్కటే: పొట్లం మొలలోంచి తీశారా, సంచీలోంచి తీశారా?