‘ఇంకింత బిగియ్యి’ అనేవాళ్లతోనే నా పంచాయితీ

వేదిక మీది పెద్దలకు, సార్లకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైము వాటికే చాలదు, ఏమనుకోవద్దు. తమ్ముళ్లూ, మీకూ నమస్కారం.

ప్లంబింగ్‌లో ఉపాధి అవకాశాల గురించి మాట్లాడమన్నారు. చేతికి పని వస్తే పని దొరుకుతుంది. ఆ సంగతి అయిపోయింది. ఈ చేపల గాజు తొట్టిని బస్సులో ఒళ్లో పెట్టుకుని నల్లగొండ దాకా తెచ్చింది వేరే మాట చెప్పడానికి.

వెనక అద్దానికి, ఎక్కువైన నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన రంధ్రం కనబడుతోందా? గాజు షాపులో నీళ్లు పోస్తూ డైమండ్ కట్టర్‌తో తొలిచినది. ఇందులో పెట్టేది మీకు తెలిసిన వస్తువే. మిద్దె మీద సింటెక్స్‌కు పెడతామే, ట్యాంక్ నిపుల్, గోడలోంచి దూర్చి లోపల తల ఆనించి బయట నట్టు బిగించే పైపు ముక్క, అదే. తెలిసిన వస్తువు కాబట్టే మనవాళ్లు దెబ్బ తింటారు. నేనూ తిన్నాను.

పనిలో చేరి రెండేళ్లయిందప్పుడు. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు సేటు ఇల్లు. హాల్లో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి. నిండితే 450 లీటర్లు, అంటే నీళ్ల బరువే నాలుగున్నర క్వింటాళ్లు. నిపుల్ దూర్చాను, వాషర్‌ను బయట నట్టు వైపు వేశాను, బిగించాను. సింటెక్స్‌కు ఎటు వేసినా గడిచిపోయేది మరి.

నీళ్లు నింపాక నట్టు కింద ఒక బొట్టు. సేటు చూశాడు. "ఇంకింత బిగియ్యి" అన్నాడు. బిగించాను. ఆగలేదు. "ఇంకింత." సంచిలోంచి పానా తీశాను. ఈలోగా సేటు బావమరిది వచ్చి నిలబడ్డాడు. "గట్టిగ తిప్పవోయ్, పొద్దున బువ్వ తినలేదా?" తిప్పాను. టిక్ మంది. పెన్సిల్ ముల్లు విరిగితే ఎంత చప్పుడో అంతే. రంధ్రం అంచు దగ్గర వెంట్రుకంత గీత మొదలైంది. చూస్తుండగానే అడుగు దాకా పాకింది. ఆ తర్వాత హాలంతా నీళ్లు, సోఫా కింద చేపలు. సేటమ్మ చెంబుతో చేపలు ఏరుతుంటే నేను పానా పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

తొట్టి పైసలు నా కూలీలోంచి కోసుకున్నారు. ఇంకింత, ఇంకింత అన్నవాళ్లు పైసా పెట్టుకోలేదు. ఇన్నేళ్లయినా నా కడుపులో మంట అదే.

సరే, మీరు చెప్పండి. దీనికి వాషర్లు ఎన్ని? రెండా? వెనక బెంచీ తమ్ముడు రెండంటున్నాడు. కాదు బిడ్డా, ఒకటే. అదీ నీళ్లున్న వైపు, నిపుల్ తలకూ అద్దానికీ మధ్య. వాషర్ బయట వేస్తే నీళ్లు ముందే రంధ్రంలోకి దిగుతాయి, నిపుల్ మీది మరల గాడి పట్టుకుని బయటికొస్తాయి. ఆ మరలు నీళ్లు ఆపడానికి పెట్టినవి కావు, నట్టు ఎక్కడానికి పెట్టినవి. వాటికి టేపు చుట్టినా, పాతవాళ్లలా దారం చుట్టి తెల్ల ముద్ద సఫేదా పూసినా కారేది కారుతుంది. ఆ రోజు నేను భూమి తిరిగినంత తిప్పినా ఆ బొట్టు ఆగేది కాదు! తప్పు వాషర్‌ది, శిక్ష అద్దానికి.

ప్లాస్టిక్ లొంగుతుంది. అద్దం నొక్కితే ఓర్చుకుంటుంది కానీ వంచితే, లాగితే ఓర్చుకోదు. పైగా రంధ్రం అంచున కంటికి కనబడని పెచ్చులుంటాయి, పగులు అక్కడే పుడుతుంది. అందుకే చేత్తో ఆగేదాకా తిప్పాలి, ఆపైన పావు చుట్టు. అంతే. వేలాడే పైపు బరువు కూడా నిపుల్ మీద పడొద్దు, స్టాండుకు క్లాంపు కొట్టండి. ఇంకో మాట, అంగుళం నిపుల్‌కు అంగుళం రంధ్రం చాలదు. నిపుల్ కొన్నాకే, దాన్ని చేతిలో పట్టుకుని గాజు షాపుకు పోవాలి. వేడి చేసి గట్టిపరిచిన టఫెన్డ్ గ్లాసైతే ఆశ వదులుకోండి, కట్టర్ ఆనగానే బియ్యం నూకలైపోతుంది.

మన నీళ్ల సంగతీ చెప్పాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఎంత బాధ పడితే ఆ పేరొచ్చిందో మీ తాతలనడగండి. ఫ్లోరైడ్ అట్లుంచితే, బోరు నీళ్ల ఉప్పు వాల్వుల్లో తెల్లగా గడ్డకడుతుంది. అందుకే వాల్వుకు అటూ ఇటూ యూనియన్లు, అంటే విప్పి మళ్లీ బిగించుకునే జాయింట్లు పెట్టండి. లేకపోతే రేపు పైపు కోయాల్సిందే.

పానగల్లు ఉదయసముద్రం అలుగు దుంకడం చూశారు కదా? ఈ రంధ్రం మన తొట్టికి అలుగు. పైకొచ్చిన నీళ్లు దీంట్లోంచి కింద పెట్టే ఇంకో తొట్టిలోకి పోతాయి, మోటారు మళ్లీ పైకి తోస్తుంది. కరెంటు పోతే? పైకి తోసే పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి అదే పై తొట్టి నీళ్లను వెనక్కి గుంజుతుంది. నాలుగు బై రెండడుగుల తొట్టిలో ఒక్క అంగుళం మట్టం దిగితే 19 లీటర్లు కిందికొచ్చినట్టు. కింద అంత ఖాళీ ఉంచాలి. ఆ పైపుకు నీటి మట్టం కిందే చిన్న బెజ్జం పెడితే, మట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చి ఆగిపోతుంది. నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టాం కదా అంటారు. చెప్పాను కదా, ఉప్పు పట్టి అది మూసుకోదు. అసలు కరెంటు తీసేసి చూడకుండా పైసలు తీసుకోవద్దు.

సారు గడియారం చూపిస్తున్నారు. రెండంటున్న తమ్ముడూ, ఇటు రా. ఇదిగో నిపుల్, ఇదిగో వాషర్. లోపలి వైపు వెయ్యి. ఆఁ. ఇప్పుడు నట్టు. తిప్పు. పావు చుట్టు. చాలు. ఎవరది ఇంకింత అన్నది? చాలు బిడ్డా, చెయ్యి తీసెయ్యి. ఆ చివర మూత పెట్టు. ఎవరన్నా బకెట్ పట్టుకురండి, రంధ్రం మునిగేదాకా పోద్దాం.