చీమ కుట్టినట్టేనా?

శ్రోతలకు నమస్కారం.

"ఏమీ కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది. ఇద్దరు పిల్లల తల్లివి, నీకిదో లెక్కా?"

పదకొండేళ్ల క్రితం, గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్-టీ వేయించుకోవడానికి బల్ల మీద పడుకుంటే సిస్టరమ్మ నాతో అన్న మాట ఇది. ఆవిడ మంచిదే, నా చెయ్యి కూడా పట్టుకుంది. కానీ ఒక్క సంగతి అడగలేదు. నా ఇద్దరు పిల్లలూ నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి తీసినవాళ్లు. అంటే నా గర్భసంచి ముఖద్వారం ఒక్క కాన్పుకైనా తెరుచుకోలేదు. కాపర్-టీ వెళ్లాల్సిందేమో ఆ సన్నటి దారిలోంచే.

ముందు ఆ ముఖద్వారాన్ని కదలకుండా పట్టకారులాంటి దానితో పట్టుకుంటారు. సన్నటి కడ్డీ పెట్టి లోపలి లోతు కొలుస్తారు. ఆ తర్వాతే కాపర్-టీ పెడతారు. పట్టుకున్నప్పుడు ఒకసారి, కొలిచినప్పుడు ఇంకోసారి పొత్తికడుపు మెలిపెట్టేసింది. చెమటలు పట్టి కళ్లు బైర్లు కమ్మాయి. మొత్తం ఐదు నిమిషాల పనే. కానీ చీమ కాదు, తేలు! అరగంట బెంచీ మీద కూర్చుంటే గానీ ఆటో ఎక్కలేకపోయాను.

అందరికీ ఇలా ఉండదు. మా ఆడపడుచుకు రెండూ మామూలు కాన్పులే. "అప్పుడే అయిపోయిందా?" అని అడిగిందట. ఆమె చెప్పిందీ నిజమే, నేను చెప్పేదీ నిజమే. ఆమెను చూసి నాకూ అంతే అనుకోవడంతోనే వస్తుంది తంటా.

ఇబుప్రొఫెన్ మాత్ర తర్వాత వచ్చే పోట్లకు పనికొస్తుంది గానీ, వేసేటప్పటి నొప్పిని పెద్దగా ఆపదు. అల్సర్ ఉన్నవాళ్లు డాక్టర్నడక్కుండా మింగకండి. అమెరికాలో సీడీసీ అనే ఆరోగ్య సంస్థ 2024లో డాక్టర్లకు ఒక మాట చెప్పింది: నొప్పి గురించి ముందే మాట్లాడండి, ముఖద్వారం దగ్గర ఇచ్చే మత్తుమందు ఉపయోగపడొచ్చు అని.

నాది పదేళ్ల రకం, 380ఏ. గడువు తీరి మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు బల్ల ఎక్కకముందే అడిగాను: "డాక్టరుగారూ, నొప్పికి ఏమిస్తారు?" ఇంకోటి కూడా అడిగాను: "ఆపమంటే ఆపుతారా?"

ఈ రెండు ప్రశ్నలూ గుర్తుపెట్టుకోండి. బల్ల ఎక్కకముందే అడగాలి, ఎక్కాక కాదు. మత్తు ఇంజెక్షన్ అన్నిచోట్లా ఇవ్వకపోవచ్చు. రెండో ప్రశ్నకు మాత్రం ఏ మందూ అక్కర్లేదు కదా.

డాక్టరుగారు కాన్పులెలా అయ్యాయని అడిగారు. లిగ్నోకైన్ అనే మత్తుమందు ఇస్తామన్నారు. పన్ను పీకేముందు ఇచ్చేదీ అదే. "ఒకసారి దగ్గమ్మా" అన్నారు. దగ్గాను. ఆ దగ్గులోనే సూది పడింది. చురుక్కుమంది, అబద్ధమెందుకు? లోతు కొలిచినప్పుడు కాస్త మెలిపెట్టింది గానీ కళ్లు తిరగలేదు.

పది నిమిషాల్లో ఆటో ఎక్కాను. దారిలో రైతు బజారు దగ్గర ఆపించి వంకాయలు కూడా కొన్నాను.