కొట్టివేయని గీత

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు పిలిచి, ప్రాచీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం గురించి చెప్పమన్నారు. ఆ పేరు వినగానే అందరికీ ముందు గుర్తొచ్చేవి మంటలే. ఎవరు తగలబెట్టారు? సీజరా, క్రైస్తవులా, అరబ్బులా? ఈ తగవు రెండు ముక్కల్లో తేల్చేసి పనిలో పడతాను. క్రీ.పూ. 48లో సీజర్ రేవులో పెట్టిన నిప్పు పుస్తకాలకు అంటుకుందని ప్రాచీనులు రాశారు. క్రీ.శ. 391 ప్రాంతంలో, ఒకప్పుడు ఈ గ్రంథాలయానికి శాఖ ఉన్న సెరాపియం ఆలయాన్ని క్రైస్తవులు కూల్చారు. ఖలీఫా ఉమర్ పుస్తకాలతో స్నానశాలల్లో నీళ్లు కాయించాడన్న కథ ఆయన పోయిన ఐదు వందల ఏళ్లకు గానీ కనబడదు. అసలు పపైరస్ అనే రెల్లు కాగితపు చుట్టకు నిప్పే అక్కర్లేదు, తిరగరాసే నాథుడు లేకపోతే తేమా పురుగూ చాలు. తాళపత్రాలు ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పాలా? ఇక పుస్తకాల సంఖ్య అంటారా, పాత లెక్కలు 40 వేల నుంచి 7 లక్షల దాకా ఉన్నాయి. కేటలాగు కార్డులు రాసి బతికినవాణ్ణి, ఇంత తేడా ఉన్న లెక్క మీద నేను సంతకం పెట్టను.

నాకు ఆసక్తి అక్కడ కూర్చుని పనిచేసిన మనుషుల మీద. క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఈజిప్టునేలిన టాలెమీ రాజులు పండితులను రప్పించి, జీతమిచ్చి, పన్ను మినహాయించి, అందరికీ ఒకేచోట భోజనం పెట్టించారు. ఆ చోటి పేరు మూసెయాన్, అంటే కళాదేవతల నెలవు. మన మ్యూజియం అక్కడి నుంచే వచ్చింది. ఇల్లరికపు అల్లుళ్ల మర్యాదే అనుకోండి. టిమాన్ అనే కవికి ఒళ్లు మండి, కళాదేవతల పంజరంలో పక్షులను మేపుతున్నారు, అవి పొద్దస్తమానం కీచులాడుకుంటున్నాయి అని ఎగతాళి చేశాడు.

పుస్తకాలు తెచ్చిన తీరు మాత్రం మర్యాదస్థులది కాదు. రేవుకొచ్చిన ఓడల్లో పుస్తకం కనబడితే పట్టుకుని, నకలు రాయించి, ఆ నకలే యజమానికిచ్చేవారని గేలెన్ అనే వైద్యుడు రాశాడు. దొరికిన మూలానికి "ఓడల నుంచి" అని గుర్తు. ఏథెన్స్ నగరం తన ముగ్గురు మహా నాటకకర్తల ప్రతులను 15 టాలెంట్ల వెండి ధరావతు మీద ఎరువిచ్చింది. అంటే సుమారు 390 కిలోలు! మూడో టాలెమీ చక్కని నకళ్లు రాయించి పంపి, మూలాలు అట్టిపెట్టుకుని, ధరావతు మీరే ఉంచుకోండన్నాడు. డిపాజిట్ పోతే పోనీ అని పుస్తకం ఎగ్గొట్టే పాఠకులను నేనూ చూశాను. వాళ్లది రాచవంశమని అప్పట్లో తెలియలేదు.

ఇన్ని చుట్టలు పోగుపడ్డాక వెతికేదెలా? కాలిమాకస్ అనే కవి 120 చుట్టల పట్టిక తయారుచేశాడు. రచయిత ఎవరు, ఎవరి కొడుకు, ఏ ఊరు, గ్రంథం మొదటి పంక్తి ఏది, మొత్తం ఎన్ని పంక్తులు అన్నీ రాశాడు. మొదటి పంక్తి ఎందుకంటారా? చాలా రచనలకు స్థిరమైన పేరు ఉండేది కాదు. మన కీర్తనల పుస్తకాల వెనక పల్లవి మొదటి మాటలతో అకారాది పట్టిక ఇస్తారే, అదే అవసరం. ఏ వర్గంలోనూ ఇమడనివాటికి "ఇతరములు" అని ఒక విభాగం పెట్టి, అందులో తీపి రొట్టెల తయారీ గురించి రాసిన నలుగురి పేర్లు ఎక్కించాడు. ఈ రోజుల్లో మేము వంటల పుస్తకాలకు 641 అని వర్గీకరణ అంకె వేసి అరలో పెట్టేస్తాం. గ్రీకుల ఆదికవి హోమర్ ఉన్నచోట రొట్టెల పుస్తకాన్నీ వదలని ఆ మనిషంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరటోస్తనీస్ కూడా ఈ గ్రంథాలయాధికారే. ఆ కథ మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. హోమర్ కావ్యం ఇలియడ్‌కు ఊరికొక ప్రతి ఉండేది. ఒకదానిలో ఉన్న పంక్తి మరొకదానిలో లేదు. పాఠాంతరాలు, తర్వాత ఎవరో చొప్పించిన ప్రక్షిప్తాలు మనకూ కొత్త కాదు. మొదటి గ్రంథాలయాధికారి జెనోడోటస్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. అనుమానం వచ్చిన పంక్తి పక్కన, అంచులో, చిన్న అడ్డగీత గీశాడు. పంక్తి అలాగే ఉంటుంది, సందేహం పక్కన ఉంటుంది. ఇంత చిన్న పని. చెరిపేయడానికి అధికారం ఉన్నవాడు చెరపకుండా గీత గీసి ఊరుకోవడం ఎంత కష్టమో ప్రతులు పరిష్కరించినవారిని అడగండి.

ఆయనకూ ప్రతిసారీ చేయి ఆగలేదు. మూడో సర్గలో ప్రేమదేవత ఆఫ్రొడైటీ హెలెన్ కూర్చోవడానికి పీట తెచ్చి వేస్తుంది. దేవత ఒక మానవకాంతకు పీట మోయడమా, ఔచిత్యం కాదని జెనోడోటస్ ఆ పంక్తులు మార్చి పీట ఎత్తేశాడు. వందేళ్ల తర్వాత అదే కుర్చీలో కూర్చున్న అరిస్టార్కస్ పాత పంక్తులను నిలబెట్టి జవాబిచ్చాడు: పెద్దాయన ఒకటి మరచిపోయారు, దేవత అక్కడికి ముసలి దాసి వేషంలో వచ్చింది, ఆ వేషానికి తగిన పనే చేసింది. జవాబు కోసం అరిస్టార్కస్ బయటికి పోలేదు, నలభై పంక్తులు వెనక్కి వెళ్లి కావ్యాన్నే అడిగాడు. నాకు తెలిసిన విమర్శ పాఠాల్లో ఇంతకంటే పొట్టిది లేదు.

క్రీ.పూ. 145లో ఎనిమిదో టాలెమీ గద్దెనెక్కి పండితులను తరిమేశాడు. అరిస్టార్కస్ సైప్రస్‌లో పోయాడు. ఆయన వ్యాఖ్యానాల చుట్టలు ఒక్కటీ మిగలలేదు. అయితే వెనిస్‌లో మార్చానా గ్రంథాలయమని ఒకటి ఉంది. అక్కడ పదో శతాబ్దంలో తోలు కాగితాల మీద రాసిన ఇలియడ్ ప్రతి ఉంది. దాని అంచుల్లో ఎవరో లేఖకుడు ఆ గుర్తులన్నీ ఓపిగ్గా ఎత్తి రాసుకున్నాడు. అడ్డగీతలున్నాయి, చుక్కలున్నాయి. పీట తగవు కూడా ఉంది, ఇద్దరి వాదనలతో సహా.