కార్ప్ మీ ఫ్లైని తినేసింది, మీరే చూడలేదు!

నమస్తే అండీ. ఫ్లై అంటే గాలానికి ఈకలు చుట్టి పురుగులా కనపడేలా చేసే నకిలీ ఎర, దాంతో కార్ప్ అనే మంచినీటి చేపని పట్టడం గురించే ఈ మాటంతా. పోయిన వీడియో కింద జరిగిన గొడవ మీరంతా చదివే ఉంటారు. "కార్ప్ ఫ్లైని తినదు. ఫ్లైతో కార్ప్ పట్టామని ఫోటోలు పెట్టేవాళ్ళంతా రెక్కకో పొట్టకో గాలం తగిలించి లాగినవాళ్ళే." ఇదీ ఆ కామెంట్. దానికి వందల లైకులు. చదివిన దగ్గర్నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు.

ఇవాళ ఒకే ఒక్క మాట చెప్తాను. మీరు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళిన రోజున కూడా కార్ప్ మీ ఫ్లైని తిన్నది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తిన్నది. నోట్లోకి పీల్చుకుంది, రుచి చూసింది, ఉమ్మేసింది, పక్కకు వెళ్ళిపోయింది. అదంతా జరుగుతున్నంతసేపూ మీరు రాడ్ పట్టుకుని "ఇంకా తినదేంటి" అని ఎదురుచూస్తున్నారు. తినకపోవడం కాదు సమస్య. తిన్న సంగతి మీకు తెలియకపోవడం.

ఎలా తెలుస్తుంది చెప్పండి? చల్లటి ఏరుల్లో ఉండే ట్రౌట్ చేపని పట్టడం నేర్చుకున్న చెయ్యి అది. పారే నీళ్ళలో ట్రౌట్ పురుగుని అందుకుని పక్కకు తిరుగుతుంది, లైన్, అంటే గాలం దారం, బిగుస్తుంది, చేతికి తెలుస్తుంది. కార్ప్ అలా కాదు. తల కిందికి, తోక పైకి పెట్టి, ఉన్నచోటే ఉండి, నోటిని ముందుకు చాపి పీలుస్తుంది. ఫ్లై కదిలేది రెండంగుళాలు. లైన్‌లో ఉన్న వదులు అంతకంటే ఎక్కువ. ఇక చేతిదాకా ఏం వస్తుంది? ఏమీ రాదు.

ఇది నా ఊహ అనుకోకండి. 1980లలో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో ఫెర్డినాండ్ సిబింగ్ అనే పరిశోధకుడు కార్ప్ ఎలా తింటుందో ఎక్స్‌రే ఫిల్మ్ తీసి మరీ చూశాడు. మట్టి, రాళ్ళు, తిండి అన్నీ కలిపి పీల్చుకుంటుంది. అంగిలి మీద రుచి మొగ్గలతో నిండిన మెత్తటి కండ ఒకటి ఉంటుంది, అది తిండిని నొక్కి పట్టుకుంటుంది, మిగతా చెత్త బయటికి పోతుంది. నమిలే పళ్ళు గొంతులో ఉంటాయి. అంటే రోజంతా ఈ చేప చేసే పనే పీల్చడం, ఏరడం, ఉమ్మడం. రాయికీ పురుగుకీ తేడా నోట్లోనే తేల్చే చేపకి మీరు ఈకలు చుట్టిన ఇనుప ముక్క ఇచ్చారు. ఎంతసేపు ఉంచుకుంటుంది?

ఎర వేసి పట్టేవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసండీ. ఇంగ్లండ్‌లో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు 1980 ప్రాంతంలో కార్ప్‌ని గాజు తొట్టిలో పెట్టి గమనించారు. గాలానికి గుచ్చిన ఎరని చేప పీలుస్తోంది, ఉమ్మేస్తోంది, పైన ఏ కదలికా లేదు. అందుకే ఎరని గాలానికి గుచ్చకుండా, గాలం పక్కన సన్నటి దారానికి వేలాడదీశారు. ఈ ఏర్పాటునే హెయిర్ రిగ్ అంటారు, అది పుట్టింది అలాగే. ఉమ్మేటప్పుడు ఖాళీగా ఉన్న గాలం పెదవికి గుచ్చుకుంటుంది, లైన్‌కి కట్టిన బరువైన సీసం గుండు దాన్ని ఇంకా లోపలికి దించుతుంది. చేప తనంతట తనే చిక్కుతుంది, లైన్ కదిలితే మోగే బైట్ అలారం కూస్తుంది.

ఫ్లై ఫిషింగ్‌లో అవేవీ లేవు. సీసం లేదు, అలారం లేదు. మీ కళ్ళే మీ అలారం. నలభై ఏళ్ళ కిందట వాళ్ళు తొట్టిలో చూసి నేర్చుకున్నదాన్ని మనవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు. ఏం చేస్తారు? ఫ్లై మారుస్తారు! గోధుమ రంగుది తినలేదని ఆలివ్, ఆలివ్ తినలేదని నారింజ, అదీ కాదని రబ్బరు కాళ్ళది. ఇక్కడే నాకు మండుతుంది. కొత్త ఫ్లై అమ్మితే డబ్బులొస్తాయి. చేప తలని చూడమని చెబితే ఎవరికి డబ్బులొస్తాయి? ఆరో నంబర్ నుంచి పదో నంబర్ దాకా ఏదో ఒక గాలం మీద వూలీ బగ్గర్ అనే మామూలు బొచ్చు ఫ్లై ఒకటి, చిన్న క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) లాంటిది ఒకటి, నీటి లోతుని బట్టి బరువు. నా లెక్కలో అది చాలు.

మరి ఏం చూడాలి? లైన్ చివర చూడకండి, చేపని చూడండి. ముందుకు కదులుతున్న చేప ఠక్కున ఆగిందా? తల ఒక్క అంగుళం పక్కకు తిరిగి కిందికి వంగిందా? మొప్పలు విచ్చుకున్నాయా? తోక చిన్నగా వణికిందా? నోరు తెల్లగా మెరిసిందా? అప్పుడే, సరిగ్గా అప్పుడే, లైన్‌ని మెల్లగా బిగించండి. లాగకండి. బరువు తగిలితే రాడ్ ఎత్తండి. తగలకపోతే ఫ్లై అక్కడే ఉంటుంది, చేప బెదరదు, ఇంకో అవకాశం ఉంటుంది.

ఇప్పుడు ఆ కామెంట్ పెట్టిన అన్నగారికి నా జవాబు. రెక్కకి గాలం తగలడం నిజమే. ఎందుకు తగులుతుంది? చేతికి ఏదో తగిలిందని లాగారు కాబట్టి! మీ చేతికి తగిలేసరికి చేప ఉమ్మేసి, తిరిగిపోతోంది. మీరు అప్పుడు జాడించి లాగితే గాలం నోట్లో ఎందుకు పడుతుంది, పొట్టకే పడుతుంది. అది కార్ప్ ఫ్లై తినదనడానికి సాక్ష్యం కాదండీ. తిన్నాక మీరు ఆలస్యంగా నిద్రలేచారనడానికి సాక్ష్యం.

"కనపడేంత దగ్గరికి వెళ్తే పారిపోతుంది కదా" అంటారు. నిజమే, కష్టమంతా అక్కడే ఉంది. కార్ప్ జాతి చేపలకి గాలితిత్తి నుంచి లోపలి చెవిదాకా చిన్న చిన్న ఎముకల వరుస ఉంటుంది. 1820లో వాటిని వర్ణించిన ఎర్నెస్ట్ వెబర్ పేరే వాటికి పెట్టారు. ఆ ఎముకల వల్ల చాలా చేపలకంటే వీటికి బాగా వినిపిస్తుంది. ఒడ్డున మీ బూటు కింద రాయి కదిలితే దానికి చాటింపు వేసినట్టే. ఇంకొకటి, ఈ వంశం చేపలకి చర్మం గాయపడితే నీళ్ళలోకి ఒక పదార్థం విడుదలవుతుంది, అది తగిలిన మిగతా చేపలు బెదిరిపోతాయి. తేనెటీగల నాట్యాన్ని విడమర్చి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లోనే దీన్ని మిన్నో అనే చిన్న చేపల్లో కనిపెట్టాడు. గుంపులో ఒక చేపని పొట్టకి గీరి వదిలేశాక ఆ చోటు చచ్చిపోయిందంటే ఆశ్చర్యం ఏముంది?

అందుకే ఫ్లైని చేప నెత్తిన వెయ్యకూడదు. చేపకి అవతలగా వేసి, రాడ్ ఎత్తి ఫ్లైని నీటి పైపైనే లాక్కొచ్చి, సరిగ్గా ముక్కు ముందు కిందికి జారనివ్వాలి. జానెడు దూరం దాటితే తల వంచి తినే చేపకి అది కనపడదు. ఎండకాగుతూ కదలకుండా ఉన్న చేప మీద, గుడ్లు పెట్టే గొడవలో నీళ్ళు చిమ్ముతున్న చేపల మీద టైమ్ పాడుచేసుకోకండి. తోక పైకి ఎత్తింది, బురద లేపుతోంది, అదే మీ చేప. నీటి మీది మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు లేకుండా ఈ పనికి దిగకండి, కొత్త రాడ్ తర్వాత కొనుక్కోవచ్చు.

మధ్యలో ఒక సంగతి, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అమెరికాలో ఇప్పుడు ఈ చేపని చెత్త చేప అంటారు కదా, దాన్ని అక్కడికి తెచ్చింది ఎవరు? ప్రభుత్వమే! 1877లో స్పెన్సర్ బేర్డ్ నడిపిన ఫిష్ కమిషన్ కోసం రుడాల్ఫ్ హెసెల్ జర్మనీ నుంచి తెచ్చాడు. మేలుజాతి తిండిచేప అని బాల్టిమోర్‌లో, వాషింగ్టన్‌లో చెరువుల్లో పెంచి దేశమంతా పంచారు. వద్దన్నా వచ్చిన చేప కాదిది, పిలిచి తెచ్చుకున్న చేప. అదే దేశంలో ఇవాళ లేక్ మిచిగన్‌లోని బీవర్ ఐలాండ్ దగ్గర తేటనీళ్ళలో ఈ చేప కోసమే పడవలెక్కి ఫ్లై వేస్తున్నారు. ఆ నీళ్ళలో తినే క్షణం కనిపిస్తుంది కాబట్టే అక్కడ అంత పేరొచ్చిందని నా గట్టి నమ్మకం.

నమ్మరా? సరే, గాలం వంపు కత్తిరించేసిన ఫ్లై ఒకటి కట్టుకుని వెళ్ళండి. చేపని పట్టే ఆశ వదిలేసి చూడటం ఒక్కటే చేయండి. ఇప్పుడు స్క్రీన్ మీద ఒక క్లిప్ వేస్తున్నాను. తోక ఎత్తిన కార్ప్ ఒకటి, దాని ముందు నా ఫ్లై. లైన్ ఒక్కసారి కూడా కదలదు. చేప మాత్రం ఫ్లైని నోట్లోకి తీసుకుంటుంది. ఏ సెకనులో తీసుకుంది, ఏ సెకనులో ఉమ్మింది, కింద కామెంట్లో రాయండి. తినదని రాసిన అన్నగారూ, మీరు ముందు రాయాలి.