గోడ మీది వరుస

(విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో, మానవశాస్త్రం మొదటి సంవత్సరం విద్యార్థుల స్వాగత సభలో ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతి గారికి, నా పాత సహోద్యోగులకు, వెనక వరుసలో ఫ్యాను కింద చోటు కోసం తోసుకుంటున్న పిల్లలకు నమస్కారం. చివర్లో శాలువా కప్పుతామన్నారు. ఈ ఉక్కపోతలో, సముద్రపు గాలి కూడా చెమటలా తగిలే ఊళ్ళో శాలువా ఏం చేసుకోను? ఆ డబ్బుతో లాబ్‌లో ఒక ట్యూబ్‌లైటు వేయించండి. ఎముక మీది గీత కనబడాలంటే వెలుతురు కావాలి. నేను పనిచేసిన రోజుల్లోనూ ఇదే అడిగేదాన్ని.

నాకు ఇచ్చిన అంశం ‘ప్రాథమిక మానవశాస్త్ర బోధనలో మానవ పరిణామం, జీవశాస్త్రం: ప్రాధాన్యత’. ఆ పేరు చదవగానే మీలో సగం మంది ఫోన్లు తీశారు. మిమ్మల్ని తప్పు పట్టను. నేను మాత్రం బుద్ధిగా నాలుగు పేజీలు రాసుకుని వచ్చాను. అవి సంచిలో ఉన్నాయి, సంచిలోనే ఉంటాయి. ఎందుకంటే మెట్లెక్కి వస్తుంటే లాబ్ తలుపు తెరిచి ఉంది. లోపలికి తొంగి చూశాను. అది ఇంకా అక్కడే వేలాడుతోంది.

అదే, ఆ పటం. మీరూ చూసే ఉంటారు. ఎడమ చివర ఒక జంతువు, చేతి వేళ్ళ కణుపుల మీద ఆని నడుస్తూ ఉంటుంది. తర్వాతది కాస్త లేస్తుంది. దాని తర్వాతి వాడి చేతిలో రాయి, ఆ తర్వాతి వాడి చేతిలో బల్లెం. కుడికి వెళ్ళేకొద్దీ వెన్ను నిలుస్తుంది, ముక్కు తేలుతుంది, ఒంటి రంగు తేలుతుంది. చివరివాడు తెల్లగా, గుండెలు విరుచుకుని, పటం అంచు దాటి ఎక్కడికో ముఖ్యమైన పని మీద పోతున్నట్టు ఉంటాడు. ఆ పటం కింద నేను ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పాను. మొదటి పదకొండేళ్ళు కర్ర పట్టుకుని, ఒక్కొక్కణ్ణీ చూపిస్తూ మరీ చెప్పాను.

దీని తాత బొమ్మను 1965లో అమెరికాలో రుడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు గీశాడు. అందులో పదిహేను మంది ఉన్నారు. మన పటం తయారు చేసినవాళ్ళు కాగితం పొదుపు కోసమో ఏమో ఆరుగురితో సరిపెట్టారు. ఆ బొమ్మ పక్కన ఏం రాసి ఉందో ఎవరికీ గుర్తు లేదు. బొమ్మ మాత్రం ప్రపంచమంతా తిరిగింది, మన టీషర్టుల మీదికీ వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. 1994లో అనుకుంటాను, మీలాగే మొదటి సంవత్సరం తరగతి. పాడేరు అవతలి ఒక గూడెం నుంచి వచ్చిన అబ్బాయి మూడో బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేవాడు. అప్పటిదాకా హాజరు పలకడానికి తప్ప నోరు విప్పినవాడు కాదు. ఆ రోజు లేచి, “మేడమ్, ఈ వరుసలో మావాళ్ళు ఎక్కడ ఉంటారు?” అని అడిగాడు.

తరగతి నవ్వింది. నేను నవ్వలేదు, కానీ నవ్వినవాళ్ళను ఆపనూ లేదు. “అందరం చివరివాడి జాతే బాబూ, హోమో సేపియన్స్, రాసుకో” అన్నాను. జవాబులో తప్పు లేదు, పరీక్షలో రాస్తే మార్కులు కూడా వస్తాయి. వాడు చివరివాడి రంగు చూసి అడిగాడు, నేను సిలబస్ చూసి చెప్పాను. వాడు కూర్చున్నాడు. సంక్రాంతి సెలవులకు వెళ్ళి మళ్ళీ రాలేదు. పటం వల్లే రాలేదని అనను. హాస్టల్ బకాయి కావచ్చు, ఇంట్లో పని కావచ్చు, చెల్లెలి పెళ్ళి కావచ్చు. కనుక్కోవలసినదాన్ని, కనుక్కోలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఈ రోజు మీకు చెప్పబోయేది మీకోసం రాసుకున్న పాఠం కాదు, వాడికి బాకీ పడ్డ జవాబు.

మొదట ఆ వరుస సంగతి చూద్దాం. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు, మీరూ అడుగుతారు: కోతి నుంచి మనిషి పుట్టాడు కదా, మరి సింహాచలం కొండ మీది కోతులు ఇంకా కోతులుగానే ఎందుకున్నాయి? పిల్లలూ, మీ పెదనాన్న కొడుకు మీకు తాత అవుతాడా? కాడు కదా. మీ ఇద్దరికీ తాత ఒకడు, ఆయన మీరూ కాదు, అతనూ కాదు. చింపాంజీకీ మనకూ అటువంటి తాత సుమారు అరవై, డెబ్బై లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో ఉన్నాడు. సింహాచలం కోతితో మన చుట్టరికం ఇంకా దూరం, రెండున్నర కోట్ల ఏళ్ళకు పైమాట. తాత పోయి ఇన్ని లక్షల ఏళ్ళయ్యాక పెదనాన్న కొడుకును పట్టుకుని నువ్వింకా నాలా ఎందుకు కాలేదని అడిగితే ఏం చెబుతాడు? మీ చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుపోయినప్పుడు అది తన జవాబు ఇచ్చేసింది.

కాబట్టి నిచ్చెన కాదు. మరి ఏమిటి? పుస్తకాలు చెట్టు అంటాయి. నేను గోదావరి అంటాను. ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది కదా. ఒక పాయ సముద్రం చేరుతుంది, ఒకటి ఇసుక మేటలో ఇంకిపోతుంది. లంకను చుట్టి మళ్ళీ పెద్ద పాయలో కలిసే చీలికలూ ఉంటాయి. లక్ష ఏళ్ళ కిందట భూమి మీద ఉన్నది ఒక్క రకం మనుషులే కాదు. యూరప్‌లో నియాండర్తల్‌లు, ఆసియాలో డెనిసోవన్‌లు, ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో మూడున్నర అడుగుల పొట్టి మనుషులు, ఆఫ్రికాలో మనవాళ్ళు. అందరూ ఒకే కాలంలో బతికారు. వాళ్ళను ఒకరి వెనక ఒకరిగా నిలబెడితే ఎలా? ఆఫ్రికా బయటి జనంలో నూటికి ఒకటి, రెండు వంతుల డీఎన్ఏ నియాండర్తల్‌లది. మీలోనూ ఉంది, నాలోనూ ఉంది. ఆ ప్రాచీన డీఎన్ఏను చదివి చూపించిన స్వాంటె పాబోకు 2022లో నోబెల్ వచ్చింది. ఇంకిపోయిందనుకున్న పాయ మన నెత్తుట్లో పారుతోందన్న మాట.

ఇక రంగు. వాడి అసలు ప్రశ్న అదే.

ఆఫ్రికా ఎండలో ఒంటి మీది వెంట్రుకలు తగ్గాక నల్లని చర్మమే మనిషిని కాపాడింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంట్లోని ఫోలేట్ అనే విటమిన్‌ను పాడు చేస్తాయి. అది తగ్గితే కడుపులో బిడ్డ వెన్ను సరిగా మూసుకోదు. గర్భిణులకు మన ఆశా కార్యకర్తలు ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఇచ్చేది దానికోసమే. ఎండ తక్కువైన ఉత్తర దేశాలకు వెళ్ళినవాళ్ళకు విటమిన్ డి చాలక, లేతరంగు పనికొచ్చింది. అంటే రంగు అక్షాంశానికి సంబంధించిన లెక్క, మెట్టుకు సంబంధించినది కాదు. ఇంకో సంగతి. స్పెయిన్‌లో లా బ్రాన్యా గుహలో దొరికిన 7,000 ఏళ్ళనాటి మనిషి డీఎన్ఏ ఫలితాలు 2014లో వచ్చాయి. నీలి కళ్ళు, నల్లని చర్మం! యూరప్ నడిబొడ్డున తెలుపు నిన్నగాక మొన్న వచ్చిన రంగు. మన జాతి వయసేమో మొరాకోలో జెబెల్ ఇర్హూద్ ఎముకలను బట్టి సుమారు మూడు లక్షల ఏళ్ళు. ఆ పటంలో చివరివాడికి నిజంగా రంగు వేయవలసి వస్తే ఏ రంగు వేయాలి? కిటికీ పక్కన కూర్చున్న మా అబ్బాయి రంగు వేయాలి.

ఈ ముక్క ఆ రోజు చెప్పి ఉంటే! స్పెయిన్ ఎముకల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు, సరే. మూడు లక్షల ఏళ్ళ లెక్కా అప్పటికి లేదు. కానీ ఎండకూ రంగుకూ ఉన్న సంబంధం తెలుసు. చెప్పలేదు.

చెప్పకపోగా అంతకు ముందు చేసిందొకటి ఉంది. చదువుకునే రోజుల్లో మమ్మల్ని ఫీల్డ్‌వర్క్‌కని ఏజెన్సీకి తీసుకెళ్ళారు. కాలిపర్లనే కొలత పనిముట్లతో తల వెడల్పు, ముక్కు పొడవు కొలిచాం. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిజ్లీ ముక్కుల కొలతను బట్టి కులాలకు పైదీ కిందిదీ తేల్చబోయాడు. అది ఎప్పుడో చెల్లని సరుకు. అయినా ఆ కొలతలు మాత్రం మేం తీస్తూనే ఉన్నాం. ఒక ముసలమ్మ, “ముక్కు కొలిచి ఏం చేస్తారమ్మా?” అంది. చదువుకని చెప్పాం. “ఎవరి చదువు?” అంది. ఆ కాగితాల కట్టకు చెదలు పట్టింది. మళ్ళీ ఆ గూడేనికి మాలో ఒక్కరమూ వెళ్ళలేదు. మీకు ఈ సెమిస్టర్‌లో కాలిపర్ ఇస్తారు. పట్టుకోవడం నేర్చుకోండి, మంచిదే. కొలిచినవాళ్ళకు ఫలితం చెప్పడం కూడా ప్రాక్టికల్‌లో భాగమని నా లెక్క. దానికి మార్కులు లేవు.

నెత్తుటి సంగతి చెబుతాను, ఇది మీ జిల్లా పక్కనున్నదే. సికిల్ సెల్. ఎర్రకణంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే, ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రటి ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే ఒళ్ళు నొప్పులు, రక్తహీనత, నరకం. ఒక్కవైపు నుంచే వస్తే సాధారణంగా జబ్బు ఉండదు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి రక్షణ. దీన్ని ఆంథొనీ అలిసన్ అనే శాస్త్రవేత్త 1954లో తూర్పు ఆఫ్రికాలో నిరూపించాడు. మలేరియా ఉన్నచోట ఆ మార్పు మేలు, లేనిచోట భారం. మరి ఆ జన్యువు ‘ముందుకు’ వెళ్ళినట్టా ‘వెనక్కి’ వెళ్ళినట్టా? పటంలో ఎక్కడ పెడతారు? 2023లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక ఏజెన్సీలో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకున్నా ఆ జన్యువు ఒక్కవైపు నుంచి వచ్చినవాళ్ళైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకసారి వచ్చింది కాబట్టి తర్వాతి మూడూ క్షేమమని కాదు. ప్రతిసారీ కొత్త లెక్కే. ఈ ఒక్క వాక్యం మీ ఊళ్ళో నలుగురికి అర్థమయ్యేలా చెప్పగలిగితే నా దృష్టిలో మీరు మొదటి శ్రేణిలో పాసయినట్టే.

మలేరియాకూ రక్తదోషాలకూ లంకె ఉండవచ్చని అలిసన్ కంటే ముందే, 1949లో ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. ఈయన పేరు వస్తే నేను ఆగలేను, క్షమించాలి. ఇంగ్లండ్ వదిలి 1957లో మన దేశానికి వచ్చేశాడు, పౌరసత్వం తీసుకున్నాడు, పైజమా లాల్చీలు తొడిగాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. దేహం ఎక్కడికి వెళ్ళిందో తెలుసా? మన కాకినాడకి! రంగరాయ వైద్య కళాశాలకు వీలునామాలో రాసిచ్చాడు. జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఒకడు, మన పిల్లలు శరీర నిర్మాణం నేర్చుకోవడానికి బల్ల మీద పడుకున్నాడు. ఆయన శిష్యుల్లో పిఠాపురం అబ్బాయి ద్రోణంరాజు కృష్ణ కూడా ఉన్నాడు. ఆంధ్రలో మేనరికాల మీద పనిచేశాడు. మేనమామను చేసుకుంటే బిడ్డలో ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం ఎనిమిదింట ఒకటి, బావను చేసుకుంటే పదహారింట ఒకటి. మా అమ్మమ్మ మేనమామను చేసుకుంది. ఆమెకు ఈ లెక్క తెలియదు, తెలిసినా అయిదెకరాల కొబ్బరితోట ముందు నిలిచేది కాదు.

ఎంతైంది? ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. సార్, ఇంకొక్క కథ. ఇది చెప్పకపోతే ఇక్కడున్న ఈ పెట్టె ఎందుకు తెప్పించానో మీకు తెలియదు.

1912లో ఇంగ్లండ్‌లో పిల్ట్‌డౌన్ అనే చోట ఒక పుర్రె దొరికిందన్నారు. మనిషంత మెదడు, కోతిలాంటి దవడ. పండితులు పొంగిపోయారు. ముందు మెదడు పెరిగి, ఆ తెలివితో మనిషి లేచి నిలబడ్డాడని వాళ్ళ నమ్మకం. పైగా దొరికింది తమ దేశంలో! 1924లో దక్షిణాఫ్రికాలో తాంగ్ సున్నపురాయి గని నుంచి ఒక పసివాడి పుర్రె రేమండ్ డార్ట్ అనే శరీర నిర్మాణ అధ్యాపకుడి చేతికి వచ్చింది. మెదడు చిన్నది, కానీ వెన్నెముక వచ్చి పుర్రెలో కలిసే రంధ్రం అడుగుకు, ముందుకు జరిగి ఉంది. అంటే తల వెన్ను మీద నిలబడింది, ఆ పసివాడు రెండు కాళ్ళ మీద నడిచాడు. డార్ట్ మాట చాలామంది పెద్దలు కొట్టిపారేశారు. 1953లో తేలింది: పిల్ట్‌డౌన్‌ది మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ తగిలించి, పళ్ళు అరగదీసి, రంగు పూసిన మోసం. నలభై ఒక్క ఏళ్ళు! ఆ తర్వాత 1974లో ఇథియోపియాలో లూసీ అని పేరు పెట్టిన మన పూర్వీకుల కాలపు అస్థిపంజరం దొరికింది, రెండు కాళ్ళ మీద నడిచినదాని ఎముకలు, 32 లక్షల ఏళ్ళవి. 1978లో టాంజానియాలోని లెటోలిలో అగ్నిపర్వతపు బూడిదలో 36 లక్షల ఏళ్ళనాటి అడుగులు బయటపడ్డాయి. మన బీచ్‌లో తడి ఇసుక మీది అడుగుల్లాగే ఉంటాయి, మడమ, బొటనవేలు. నడక ముందు, పెద్ద మెదడు చాలా వెనక. మోసగాడిని నమ్మినవాళ్ళు మూర్ఖులు కారు. తమ మనసులోని పటానికి సరిపోయే ఎముక దొరికింది కాబట్టి నమ్మారు.

సార్, ఆ పటం దింపించండి. నేను అడుగుతున్నది ఇదొక్కటే. ఖాళీ గోడ ఉన్నా పరవాలేదు. పారేయకండి, వెనక్కి తిప్పి బీరువా పక్కన పెట్టండి. పిల్లలు అడిగితే తప్పు ఎలా ఉంటుందో చూపించడానికి పనికొస్తుంది.

ఇప్పుడు మీ పని. ఈ పెట్టెలో రెండు నమూనా పుర్రెలు ఉన్నాయి, ఒకటి చింపాంజీది, ఒకటి మనిషిది. ప్లాస్టర్‌వి, భయం అక్కర్లేదు. వరుసగా చేతులు మారుస్తూ వెనక్కి పంపండి. తిరగేసి అడుగున రంధ్రం చూడండి. బొటనవేలు పెట్టి, అక్కణ్ణుంచి వెనక అంచు ఎంత దూరమో, ముందు పళ్ళు ఎంత దూరమో వేళ్ళతో కొలవండి. రెండింటిలో తేడా మీరే చెప్పండి, నేను చెప్పను. మనిషి పుర్రెకు ఎడమ వైపు స్ప్రింగు ఎప్పుడో ఊడింది, దవడ వేలాడుతుంది, రెండు చేతులతో పట్టుకోండి. ఒంటి గంటకు అటెండర్ గారు వచ్చి లెక్క చూసుకుంటారు.